ఆయన మోకాలు, ఆమె మోకాలు

వీధి చివర ఇస్త్రీ బల్ల వెనక నిలబడే ఆవిడని అందరూ ఇస్త్రీ పెద్దమ్మ అనే పిలుస్తారు. కూర్చుని పని చేసుకోమని కొడుకు ఎత్తు స్టూలు కొనిస్తే, దాని మీద మడత పెట్టిన దుప్పట్లు పేర్చింది తప్ప ఒక్కనాడూ తను కూర్చోలేదు. కూర్చుంటే ఇస్త్రీ పెట్టె మీద బరువు పడదట, చొక్కా కాలరు మాట వినదట! అలాంటి మనిషి ఈమధ్య బల్ల పట్టుకుంటే గానీ అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. కుడి మోకాలిలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందనీ, కీలు మార్చాలే గానీ మందులతో అయ్యే పని కాదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. పెద్దమ్మ అక్కడికక్కడే సరేనంది.

గొడవంతా ఇంటికొచ్చాకే మొదలైంది.

"నాన్నని రోజూ చూస్తూ కూడా ఎలా ఒప్పుకున్నావమ్మా?" అని కొడుకు ఒంటికాలి మీద లేచాడు.

వాళ్ల నాన్న ఒకప్పుడు బస్సు డ్రైవరు. కొన్నేళ్ల క్రితం ఆయనకూ ఇదే ఆపరేషన్ చేశారు. అప్పటినుంచీ ఆ కాలు సరిగ్గా వంగదు. వరండాలో ఒక కుర్చీ, ఎదురుగా పీట, పీట మీద చాచిన కాలు. వచ్చేపోయే వాళ్లకి దాన్ని చూపించి, "నిక్షేపంలాంటి కాలు పాడు చేశారు, మీరెవరూ ఆ జోలికి పోకండి" అని చెప్పడమే ఆయనకిప్పుడు ఉద్యోగం. ఆ మాట నమ్మి ఆపరేషన్ మానేసి, ఇల్లు కదలకుండా కూర్చున్నవాళ్లు ఆ వీధిలో లేకపోలేదు.

"ఈ వయసులో ఎందుకత్తయ్యా అంత రిస్కు? కొట్టు మూసేసి హాయిగా కూర్చోండి. అన్నీ మేం అందిస్తాం కదా," అంది కోడలు. ప్రేమగానే అంది, పాపం. కానీ ఆ 'కూర్చోండి' అన్న మాటకే పెద్దమ్మకి ఒళ్లు మండిపోయింది. కూర్చుండిపోయిన మనిషి ఏమైపోతాడో ఆమెకి వరండాలో రోజూ కనిపిస్తూనే ఉంది.

"వద్దంటే వద్దు," వరండాలోంచే కేకేశాడు పెద్దాయన. "నీకూ నాలాగే అవుతుంది."

"అవ్వదు."

"ఏం, నీ కాలేమైనా బంగారంతో చేశారా?"

అంతే! పెద్దమ్మ గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

పెద్దాయన పీట మీద కాలు సర్దుకున్నాడు. "చెప్పడానికేముందే..."

"మీ నాన్న కాలు డాక్టరు పాడు చేయలేదురా," అంది కొడుకు వైపు తిరిగి. "ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. కాలు వంచే కసరత్తు చేయించడానికి ఒకమ్మాయి వచ్చేది, మీరంతా పనుల్లోకి పోయాక. మొదటిరోజు నొప్పికి ఈయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. మర్నాటి నుంచి ఆ పిల్ల గేటు తీసిన చప్పుడైతే చాలు, దుప్పటి ముసుగు తన్నేవారు. పడుకున్నారమ్మా అని చెప్పి నేనే పంపించేదాన్ని. చివరికి ఆ పిల్ల రావడం మానేసింది."

కొడుకు పీట మీదున్న నాన్న కాలు వైపు చూశాడు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"అంత పెద్ద బస్సు నడిపిన మనిషి నొప్పికి భయపడ్డాడంటే నలుగురూ నవ్వుతారని నోరు మూసుకున్నా. ఆయన పరువు కోసం ఇప్పుడు నా కాలు కూడా ఇచ్చెయ్యమంటే మాత్రం ఇవ్వను గాక ఇవ్వను!"

పెద్దాయన మొహం మాడిపోయింది. చూస్తే పెద్దమ్మకి జాలేసింది. జాలేసినా సరే, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోవాలి? అబద్ధమాడిందా ఏమన్నా?

ఆయన తలెత్తాడు. గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

"ఆ నొప్పి నీకు తెలీదే. ప్రాణం పోతుంది. నువ్వూ ఏడుస్తావు."

"ఏడుస్తా. వీధంతా వినపడేలా ఏడుస్తా. ఏడుస్తూనే వంచుతా," అంది పెద్దమ్మ. "ఆ అమ్మాయినే మళ్లీ రమ్మంటా. గేటు చప్పుడైనప్పుడు లేచెళ్లి తలుపు తీయాల్సింది మాత్రం మీరే. నేను మంచం మీద ఉంటాను కదా."