లేని డబ్బు కోసం లేచిన కత్తి

మా అకౌంటెంట్ మేడం పోయారు. గోపన్‌పల్లి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, అమ్మకి గుండెపోటండి, ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే..." అని ఆగిపోయింది. మెస్‌లో పొయ్యి ఆర్పేశాను. పక్కనే ఉన్న నా బామ్మర్ది గోడకు తల ఆనించి బోరుమన్నాడు.

చిన్న వ్యాపారం చేసుకునే మీలాంటి వాళ్లకు ఆవిడ గురించి చెప్పాలి. రాయదుర్గంలో ఆఫీసు బిల్డింగుల వెనక బామ్మర్దీ నేనూ కలిసి మెస్ పెట్టాం. నోట్లు నా గల్లాలో పడేవి, ఫోన్లతో స్కాన్ చేసిన డబ్బు అతని ఖాతాలో పడేది. అదీ మా తెలివి! ఇంటి ఖర్చులకు ఎవరికి వాళ్లం అందులోంచే తీసుకునేవాళ్లం. ఆఫీసులకు పార్సిళ్లు పెరుగుతున్నా బియ్యం షాపు బాకీ మాత్రం తీరేది కాదు. అతను డబ్బు తింటున్నాడని నేను, నేను తింటున్నానని అతను. అకౌంటెంటును పెట్టుకుందామంటే, "కూడికలకు మనిషెందుకు బావా, ఫోన్ల క్యాలిక్యులేటర్ లేదా?" అన్నాడు. నేనూ తలూపాను. చివరికి పన్నులవాళ్ల నోటీసు వచ్చాక, ఎవరో చెబితే మేడంను పిలిచాం.

ఆవిడ మొదటిసారి వచ్చేసరికి మేం కొట్టుకుంటున్నాం. అంతకుముందే బియ్యం షాపతను వచ్చి, తినేవాళ్లందరి ముందూ పరువు తీసి వెళ్లాడు. "మా అక్క మీద ఒట్టేసి చెప్పు బావా, పైసలు తినలేదా?" అన్నాడు బామ్మర్ది. చేతిలోని గంటెతో అతని మూతి మీద కొట్టాను. పన్ను ఊడింది. అతను నా తల పట్టుకుని షట్టరుకేసి బాదాడు. కళ్లలోకి రక్తం కారుతుండగా, చికెన్ కొట్టే కత్తి పైకి లేవడం చూశాను. "ఇయ్యాల నిన్ను నరుకుత!" ఆ దెబ్బ నా మెడ మీద పడాల్సింది. మేడం ఎడమ చెయ్యి అడ్డం పెట్టారు.

రక్తం ఉల్లిగడ్డల గుట్ట మీద చిమ్మింది. "ముందు కత్తి కింద పెట్టండి. ఎవరు తిన్నారో నేను చెప్తాను" అన్నారు ఆవిడ, పళ్లు బిగించి. చేతికి కుట్లు పడ్డాయి. రెండు వేళ్లు మళ్లీ సరిగా తెరుచుకోలేదు. కేసు పెట్టమని ఎంతమంది చెప్పినా పెట్టలేదు. "వీళ్లు జైలుకెళ్తే ఆ ఇల్లాలికి అటు తమ్ముడూ ఉండడు, ఇటు మొగుడూ ఉండడండి" అన్నారట.

చేతికి కట్టుతోనే వచ్చి కూర్చుని లెక్కలు తీశారు. "ఎవరూ తినలేదండి. ఆఫీసు పార్సిల్ ఒక్కోటీ నష్టానికే అమ్ముతున్నారు. గ్యాసూ, కిరాయీ, డబ్బాల ఖర్చూ ధరలో కలపనే లేదు. ఎంత ఎక్కువ అమ్మితే అంత మునుగుతున్నారు. లేని డబ్బు కోసం చంపుకోబోయారు మీరు."

తర్వాత మెస్ పేరున ఒకే ఖాతా తెరిపించారు. మా ఇద్దరికీ జీతాలు పెట్టారు. గల్లాలో చెయ్యి పెడితే చాలు, చెడామడా తిట్టేవారు. భోజనం ఊరికే పెడితే ముట్టేవారు కాదు. డబ్బిచ్చి, బిల్లు చేతికొచ్చాకే లేచేవారు. "ఒంట్లో బాగోకపోతే డాక్టర్ దగ్గరికెళ్తారు కదండీ, వ్యాపారానికి మాత్రం సొంత వైద్యమా?" అనేవారు. అకౌంటెంటుకు ఫీజు దండగ అనుకునేవాళ్లు ఒక్కసారి మా మెస్‌కు రండి. నా తల ఇంకా భుజాల మీదే ఉంది.

సమాధుల తోటకు తీసుకెళ్లే ముందు, పెట్టెలో పడుకోబెట్టిన తల్లికి వాళ్లమ్మాయి తెల్ల గ్లౌజులు తొడుగుతోంది. కుడిచేతికి అయ్యాక బామ్మర్ది ముందుకొచ్చాడు. "గీ చెయ్యికి నేను తొడుగుత బిడ్డా" అన్నాడు. ఆ అమ్మాయికి అంతా తెలుసు. ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, గ్లౌజు అతని చేతిలో పెట్టింది. వంకరగా ఉండిపోయిన ఆ రెండు వేళ్లను, ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నట్టు, మెల్లమెల్లగా లోపలికి దూర్చాడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టకుండా ఆగారు. అతను ఇంకా ఆ చెయ్యి వదల్లేదు.