మా ఇంట్లో చేపలు

బీపీ గోలీలు రాసిస్తూ డాక్టరు కాస్త కోపం తగ్గించుకోమన్నాడు. కోపమేమైనా పొయ్యి మంటా, తగ్గించడానికి? మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. టీవీలో ఆడుకునే ఆట ఒకటి పెట్టించింది. అందులో కొట్లాట లేదు, గెలుపోటముల్లేవు. మనిషి సముద్రం అడుగున ఈదుకుంటూ పోతుంటాడు, పక్కన చేపలు వస్తుంటాయి. అంతే.

నాకు తెగ నచ్చింది. చిక్కల్లా మా అమ్మతోనే. అవ్వ అంటాం మేము. మల్లన్నసాగర్ జలాశయంలో మా ఊరు మునిగి సిద్దిపేటకు వచ్చినప్పటి నుంచి ఆమె ఆ నీళ్ల పేరెత్తనివ్వదు. సెలవు దొరికితే చాలు, జనమంతా కోడికూర వండుకొని కట్ట మీదికి పోతారు. మేమూ పోదామంటే "ఆ నీళ్ల మొకం నేను సూడ" అనేది. ఒక్కసారన్నా ఆమె ఆ కట్ట మీద నా పక్కన నిలబడాలని నా కోరిక.

అవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, టీవీ చూడనట్టే చూసేది. "చేపను వట్టడా? మరి నీళ్లల్ల ఎందుకు దిగిండు, పనిలేనోడు?" అని ఆటలోని మనిషిని తిట్టేది.

ఒక మధ్యాహ్నం ఆటలో మునిగిపోయిన ఇల్లు కనబడింది. అవ్వ కంట పడకూడదని గబుక్కున పక్కకు తిప్పబోయాను.

"ఎటు వోతున్నవ్? లోపలికి వోనియ్."

పోనిచ్చాను. తలుపుల్లేని గుమ్మం దాటగానే గది నిండా పసుపుపచ్చని చిన్న చేపలు. అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఊరు ఖాళీ చేసినప్పుడు అందరిలాగే మేమూ తలుపులు, దర్వాజలు పీకి ట్రాక్టరులో వేసుకొచ్చాం. బోసిపోయిన ఇంటిని చూసి ఆమె ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

"మనింట్ల గూడ గిట్లనే తిరుగుతయా?"

"తిరుగుతయి గావచ్చు అవ్వా. ఆడ రవ్వ చేపలు, బొచ్చెలు మస్తున్నయట."

"అయితే తలుపులు పీకుడే మంచిగైంది. లేకుంటే పాపం, అవి లోపలికెట్ల వోతుండె?"

నాకు నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి.

ఆ ఆదివారం అందరికంటే ముందు ఆమే ఆటో ఎక్కి కూర్చుంది. కట్ట మీద మా ఆవిడ టిఫిను విప్పగానే జొన్నరొట్టె అందుకొని, మన ఇల్లు ఎటని నన్నడిగింది. చూపించాను. నీళ్ల అంచుకు దిగి, రొట్టె తుంచి అటువైపు విసరడం మొదలుపెట్టింది.

"నువ్వు తినవా అవ్వా?" అన్నాను.

"తింట తియ్. ఇంట్ల ఉన్నోళ్లకు వెట్టకుంట నేనెట్ల తింట?"