చంద్రుడి మీద ఇళ్ళు లేవు

రంపచోడవరంలో టీచర్ల సెమినార్. అంశం, చంద్రుడి మీద ఖనిజాల తవ్వకం. సైన్సు టీచర్ని కాబట్టి ప్రసంగం నా నెత్తిన పడింది. వారం నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆదివారం మా ఊళ్ళో అమ్మ విస్తళ్ళకి అడ్డాకులు కుడుతుంటే, గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ చదివి వినిపించాను.

"చంద్రుడు ఏ దేశానికీ సొంతం కాదని దేశాలు ఒప్పుకున్నాయి. కానీ తవ్వి తీసింది తవ్వినవాళ్ళదేనని కొన్ని దేశాలు చట్టాలు చేసుకున్నాయి. తప్పేముంది? అక్కడ ఇళ్ళు లేవు. ఎవరినీ ఖాళీ చేయించక్కర్లేదు."

అమ్మ నవ్వింది. "కొండ ఎవులిదీ కాదు గానీ, తవ్విన రాయి తవ్వినోడిదా? ఇదేటి సోద్దెమే!"

"నీకర్థం కాదులే," అని కసిరి, జి.మాడుగుల సంతలో కొన్న మామిడిపండు ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"మామిడి కొత్త అవనేదు కదే."

కొత్త పండగనాడు కొండదేవతకి పెట్టి, ఊరంతా కలిసి తినేదాకా మావాళ్ళు ఆ ఏటి మామిడి నోట పెట్టరు. నేను జీపులోనే రెండు లాగించేశాను.

"కోసింది కాదమ్మా, కొన్నది!"

"కొంటే? ముందు సేరినోడే తినీసినా, ఎనకొచ్చినోడికి ఏటి మిగుల్తాది? సర్లే గానీ, సందమామ మీద ఎవులూ నేరని ఎవులు రాసిచ్చినారు?"

చేతిలోని ప్రసంగం కాగితాలు మడిచేశాను. కిందటి నెల తవ్వకాల కోసం మా కొండ సర్వేకి వచ్చినవాళ్ళు, చదువుకున్నదాన్నని, పైన ఇళ్ళున్నాయా అని నన్ను అడిగారు. లేవని రాసి సంతకం పెట్టింది నేనే. అబద్ధం కాదు. దేవత ఉంది, కాఫీ తోటలున్నాయి, ఊరు తాగే ఊట ఉంది. వాళ్ళు ఇళ్ళ గురించే అడిగారు, నేను ఇళ్ళ గురించే రాశాను. చీ, నా చదువు తగలెయ్య! బుధవారం గ్రామసభలో ఆ కాగితమే చదువుతారు. సెమినారూ ఆ రోజే. కాగితం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మన కొండ గురించి అలా రాసిచ్చింది నేనేనమ్మా," అన్నాను.

అమ్మ కుట్టడం ఆపింది. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"అయితే నువ్వే సెప్పాల," అంది.

బుధవారం నేను రంపచోడవరం వెళ్ళలేదు. గ్రామసభలో నా కాగితం చదవడం అవగానే లేచి నిలబడ్డాను.

"ఇళ్ళు లేవని రాసింది నేనే. ఎవరూ లేరని మాత్రం రాయలేదు."