ఈశాన్యం మూల ఫైరు స్టేషను

మా అత్త అలివేలమ్మకు ముక్కు మీద కోపం. గొర్లను అదిలించీ అదిలించీ గొంతు అట్ల తయారయింది, పక్కనుండే మనిషితో మాట్లాడినా గుట్ట అవతలికి వినపడాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె మంచినీళ్లడిగినా నన్ను తిడతా ఉందనుకొని వణికేదాన్ని. ఇప్పుడు నా నోరూ తక్కువేం కాదులే.

మాది కొమరోలు దిక్కు పల్లె. ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక గడ్డివామి అంటుకోవాల్సిందే. ఫైరింజను గిద్దలూరు నుంచి రావాల. ఎంత బిరాన తోలుకొచ్చినా దూరం దూరమే గదా, వచ్చేసరికి బూడిద మిగిలేది. మా గొర్ల దొడ్డి కాలిన ఏడు, గొర్రెపిల్లల్ని బయటికి లాగబోయి మా అత్త చెయ్యి కాల్చుకుంది. అప్పటినుంచి ఏ ఆఫీసరు ఊర్లోకొచ్చినా ఆ మచ్చ చూపించి ఒకటే మాట, మాకొక ఫైరు స్టేషను కావాల అని. ఫైరింజను కొనుక్కొని మంద వెనకాల తోలుకుంటావా అని జనం ఎగతాళి చేసినారు. ఆమె పట్టించుకుంటేనా?

పోయిన ఏడు నిజంగానే మంజూరయింది. బిల్డింగుకూ బండికీ గవర్నమెంటు డబ్బులిస్తాది, జాగా మాత్రం పంచాయతీ చూపించాల. గ్రామసభలో ఆఫీసరమ్మ తెగేసి చెప్పింది. ఈ పొద్దే జాగా తేలాల, లేకుంటే స్టేషను ఇంకో మండలానికి పోతాది, వాళ్లు జాగా పెట్టుకొని కాచుకోనుండారు.

అంత తొందరలోనూ మా ఊరోళ్లు వాస్తు తీసినారు. పెద్ద రైతు గురవయ్య మామ లేచి, ఫైరంటే నిప్పు, నిప్పు ఉండాల్సింది ఆగ్నేయం మూల, అక్కడ పంచాయతీ జాగా ఉండనే ఉంది అన్నాడు. పొయ్యి ఎవరైనా ఆగ్నేయంలోనే గదా పెట్టుకొనేది అని సభంతా తలూపింది. ఆ జాగాకు పోవాలంటే ఇరుకు సందులో పోవాల. కందులు కోసే కాలంలో ఆ సందు పొడుగునా కందికట్టె పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలాలని. ఇంజను తిరగదు, అక్కడ బోరు కూడా పడదు అని ఆఫీసరమ్మ చెప్పి చూసింది. ఎవరూ వినలేదు. ఆమె ఫైలు మూసింది.

అప్పుడు లేచింది మా అత్త.

"ఏంది గురవన్నా నీ లెక్క? నిప్పుండేది మన ఇండ్లల్లో. స్టేషన్లో ఉండేది నీళ్లు. నీళ్లకు మూల ఏది? ఈశాన్యం గాదా?"

ఊరికంతా వాస్తు చెప్పేది గురవయ్య మామే, నీళ్ల మూల ఈశాన్యం కాదని ఆయనెట్లంటాడు? గడ్డం గోక్కొని, "ఈశాన్యంలో రోడ్డు పక్కనుండేది నీ చేనే గదమ్మా" అన్నాడు.

మాకుండే మంచి చేను అదొక్కటే. ఎండాకాలంలోనూ ఎండని బోరు, మంద నీళ్లు తాగేది దాని కాడే. ఆ సంగతి మా అత్తకు అప్పుడే తట్టిందో, ముందే తెలిసి లేచిందో, ఇంతవరకూ నాకు చెప్పలేదు. "తీసుకోండి" అనింది. అని, కొడుకు దిక్కు చూసింది. చేను మా ఆయన కాటమరాజు పేరు మీద ఉంది. ఆయన వద్దంటే అక్కడికి అయిపోయినట్టే. ఊరంతా ఆయన దిక్కే చూసింది.

మా ఆయన మాటల మనిషి కాదు. మెల్లగా లేచి తుండుగుడ్డ దులిపి భుజానేసుకున్నాడు.

"రాండి మేడం, కొలుచుకుందురు" అన్నాడు.

ఆ మనిషి వెనకాల సభంతా నడిచింది. నేను ఏడ్చినా. చేను పోయినందుకు కొంత, ఇట్లాంటోడిని కట్టుకున్నందుకు ఎక్కువ.

రోడ్డు పక్కన తొట్టి కట్టించి మా మందకు నీళ్లు వదలాల అని అత్త అడిగింది, అడిగిందల్లా అదొక్కటే. ఈ ఎండాకాలం బండి చానాసార్లు పోయింది. చుట్టుపక్కల ఒక్క దొడ్డి కూడా నేలమట్టం కాలేదు. స్టేషను గోడకున్న రాతిమీద పెద్దోళ్ల పేర్లన్నీ ఉండాయి, మా పేరు లేదు. నాకు కడుపు మండింది. రాతిమీద పేరుంటే గొర్లు రెండు ఈతలు ఈనతాయా అని అత్త కసిరింది.

నేను మాత్రం గిద్దలూరు నుంచి బస్సులో వచ్చేటప్పుడు ఫైరు స్టేషను కాడ దించమని అడగను. మా చేను కాడ ఆపు నాయనా అంటా. కండక్టరు అక్కడే ఆపుతాడు.