వెనక్కి ఇచ్చేసిన వాగ్దానం

ఈ ఏడాది జనవరి ఒకటో తారీఖు పొద్దున మా సంఘం వాట్సాప్ గ్రూపులో వాగ్దానం వచ్చింది. గులాబీల బొమ్మ మీద బంగారు రంగు అక్షరాలు. పూర్వం చర్చిలో ఆరాధన అయ్యాక పళ్లెంలో కార్డులు బోర్లించి పట్టుకొచ్చేవారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటే, అందులో ఉన్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మన ఇంటికిచ్చిన మాట అని నమ్మకం. తీసేటప్పుడు పరీక్షా ఫలితాలు చూసుకున్నంత భయంగా ఉండేది. ఇప్పుడు ఊరందరికీ ఒకటే బొమ్మ. చేతులు జోడించిన గుర్తొకటి పెట్టి ఫోను పక్కన పడేశాను. అరవై దాటాక కొత్త సంవత్సరమంటే ఉత్సాహం కంటే ఆయాసమే ముందొస్తుంది. కానీ ఆ బొమ్మ చూశాక రోజంతా మా అత్తయ్యగారే గుర్తొచ్చారు. దేవుడిచ్చిన వాగ్దానాన్ని తిరిగి ఇచ్చేసిన మనిషిని నా జీవితంలో ఆవిడ ఒక్కరినే చూశాను.

మామయ్యగారిది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. యాభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చీరలు నేసిన మనిషి. పెళ్లయిన కొత్తలో ఆలుమగలిద్దరూ కలిసి కాలవలో బాప్తిస్మం తీసుకున్నారట. ఆయనకి మతిమరుపు జబ్బు మొదలయ్యాక భవానీపురంలో మా ఇంటికి తీసుకొచ్చేశాం. మొదట మనవళ్ల పేర్లు మర్చిపోయారు, తరవాత మా ఆయన పేరు, ఆఖరికి అత్తయ్యగారినే మర్చిపోయారు. "ఎవరింటి మనిషివమ్మా?" అని ఆవిణ్ణి ఎంతో మర్యాదగా అడిగేవారు. మనుషుల్ని మర్చిపోయారు గానీ మగ్గాన్ని మర్చిపోలేదు. కుర్చీలో కూర్చున్నా కాళ్లు తొక్కుతూనే ఉండేవి. రాత్రీ లేదు, పగలూ లేదు, గంటకోసారి లేచి "చల్లపల్లి బస్సు వెళ్లిపోతుంది" అంటూ గడియ తీసేవారు. మా ఆయనకి ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రంలో షిఫ్టు డ్యూటీలు. అందుకని కాపలా అత్తాకోడళ్లదే. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. ఆ రోజుల్లో ఒకావిడ జాకెట్టుకి ఒక చెయ్యి తిరగేసి కుట్టి ఇచ్చాను. ఆవిడ అది తొడుక్కుని వచ్చి చూపిస్తే ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆవిడ వెళ్లాక నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆ ఏడాది అత్తయ్యగారు తీసిన కార్డులో, అలసిపోయినవాళ్లకి విశ్రాంతినిస్తానని దేవుడన్న మాట ఉంది. ఆవిడ దాన్ని అద్దం మూలకి గుచ్చి, రోజూ తల దువ్వుకుంటూ చదువుకునేవారు. "ఆయనకి నయమైతేనే కదే మనకి విశ్రాంతి! అంటే నయం చేస్తానని చెప్పినట్టే," అని తేల్చేశారు కూడా. నేను కాదనలేదు. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి. ఈస్టరు వచ్చింది, వెళ్లింది. ఓ రోజు అన్నం పెట్టబోతే మామయ్యగారు ఎవరో పరాయి మనిషి మీదకి వస్తోందనుకుని ఆవిణ్ణి ఒక్క తోపు తోశారు. గోడకి కొట్టుకుని చేతిగాజులు చిట్లిపోయాయి. ఆవిడ గాజుముక్కలు ఏరి పారేసి, అద్దం దగ్గరికెళ్లి కార్డు తీసి కొంగున ముడివేసుకున్నారు. మా ఆయన ఇంట్లో ఉన్న రోజు చూసి, "పద అమ్మాయ్, అయ్యగారింటికెళ్లొద్దాం," అన్నారు.

మా సంఘకాపరిని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ పిలుస్తాం. చర్చి వెనకే వాళ్లిల్లు. వెళ్లగానే "వందనాలండీ" అని, కూర్చోకుండానే అత్తయ్యగారు కార్డు ఆయన చేతిలో పెట్టేశారు.

"ఇది మీ దగ్గరే ఉంచండయ్యగారూ. పొరపాటున మా ఇంటికొచ్చినట్టుంది."

ఆయన కార్డు చదివారు. ఏదో చెప్పబోయారు. ప్రసంగం తప్పదనుకుని నేను గోడకి జారగిలబడ్డాను. ఇంతలో వంటింటి గుమ్మంలోంచి అమ్మగారు, "మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగారు.

"క్రిస్మస్ ముందు," అన్నారు అత్తయ్యగారు.

"ఏ క్రిస్మసండీ?"

అత్తయ్యగారు ఆలోచించారు. వేళ్లు మడిచారు, విప్పారు. ఆఖరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు ఆవిడకి నచ్చజెప్పాలని చూడలేదు. కార్డు ఆయన దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అమ్మగారు బుట్టలో గోరుచిక్కుళ్లు వేసుకుని మా ఇంటికొచ్చారు. "నేను ఈ కాయలు ఒలుచుకుంటూ ఈయన దగ్గర కూర్చుంటాను. మీరిద్దరూ లోపలికెళ్లి పడుకోండి," అన్నారు. మొహమాటపడ్డాం. ఆవిడ వినలేదు. మెలకువ వచ్చేసరికి నాలుగైంది. గభాలున లేచి బయటికి పరిగెత్తితే, మామయ్యగారు గడప దగ్గర కూర్చుని దారపు చిక్కు విప్పుతున్నారు. ముఖంలో ఎంత శ్రద్ధో! కాళ్లు కదలడం లేదు. లోపల అత్తయ్యగారు నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతున్నారు.

ఆ తరవాత ఆదివారాలు తప్ప ప్రతి మధ్యాహ్నమూ అమ్మగారు వచ్చారు. వర్షంలో గొడుగేసుకుని, ఎండలో తడిగుడ్డ తలమీద కప్పుకుని వచ్చారు. "ఎవరింటి మనిషివమ్మా?" అని మామయ్యగారు రోజూ అడిగేవారు, ఆవిడ రోజూ కొత్తగా చెప్పేవారు. ఆ దారం పొద్దున్నే ఇంట్లో కూర్చుని ఆవిడే చిక్కులు వేసి తెచ్చేవారని మాకు చాలాకాలం తెలియదు. మామయ్యగారికి నయం కాలేదు. కాదని అత్తయ్యగారూ మెల్లగా ఒప్పుకున్నారు. అయినా ప్రార్థన మానలేదు. ప్రార్థన మాత్రం పొట్టిదైపోయింది.

మూడో ఏట, ఎండాకాలంలో, మేమిద్దరం నిద్రలో ఉండగానే ఆయన వెళ్లిపోయారు. అమ్మగారు వచ్చి మమ్మల్ని మెల్లగా తట్టి లేపారు. పక్కగదిలో ఉండి కూడా చూడలేకపోయాననే దిగులు నన్నిప్పటికీ వదల్లేదు. అత్తయ్యగారు మాత్రం ఆయన పక్కన కూలబడి ఒక్కటే అడిగారు.

"ఒంటరిగా ఉన్నారాండీ, ఆ టయానికి?"

"లేదండీ. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు."

ఆవిడ ఆయన వేళ్లకి చుట్టుకున్న దారాన్ని ఒక్కో పోగూ విప్పారు. తరవాత, "అయితే దేవుడు మాట తప్పలేదు," అన్నారు, ఎవరితోనూ కాదు, తనలో తనే.

ఆవిడకున్నంత నమ్మకం నాకెప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఒకటి మాత్రం తెలుసు. దేవుడన్న మాట నెరవేరడానికి ఎన్నేళ్లు పడుతుందోనని మేం ఎదురుచూస్తూ కూర్చున్నాం. అది మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం రెండింటికి నెరవేరుతూనే ఉంది. ఆ వేళకి మేం నిద్రలో ఉండేవాళ్లం, అందుకే తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.