లీటరుకి ఇరవై

మా మావయ్యగారు తన కారు నాకు ఇచ్చేసిన రోజున పలివెలలో వాళ్లింటి వాకిట్లో చుట్టాలంతా నిలబడి చూస్తున్నారు. చూపు తగ్గిందని, ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పాడట. అప్పటికే ఆ కారుకి పదిహేనేళ్లు. తాళాలు నా చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా, "అల్లుడుగారూ, లీటరుకి ఇరవై ఇస్తుందండి. ఎంత దూరం వెళ్లినా ఇంజను వేడి ముల్లు సగం దాటదండి" అన్నారు. పిల్లనిచ్చేటప్పుడు కూడా ఆయన ఇన్ని హామీలు ఇవ్వలేదు.

అమలాపురం తెచ్చుకున్న వారంలోనే ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపి చూశాను. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని, భాగహారంలో పొరపాటు చెయ్యను. పద్నాలుగు వచ్చింది. ఇంకోసారి చూశాను. పద్నాలుగే. ముల్లు సంగతి చెప్పక్కర్లేదు. రావులపాలెంలో లారీల వెనక పది నిమిషాలు ఆగితే చాలు, సగం దాటి ఎర్ర గీత వైపు నడక మొదలుపెట్టేది. మెకానిక్కు రేడియేటరు కడిగి, థర్మోస్టాట్ మార్చి, "ఈ వయసులో ఈమాత్రం ఇస్తుంటే దణ్ణం పెట్టుకోవాలండి" అన్నాడు.

ఆ ఆదివారం మావయ్యగారు ఫోన్ చేశారు. "బండెలా ఉందండీ? ఇరవై ఇస్తోందాండీ?"

లేదంటే నలుగురిలో ఆయన అన్న మాట అబద్ధమైపోతుంది. లేకపోతే నాకు నడపడం రాదని తేలుతుంది. ఈ రెంట్లో ఏదీ నాకు నచ్చలేదు. "ఆయ్, ఇరవయ్యేనండి" అన్నాను.

అక్కడితో ఆగినా బావుండేది. ప్రతి ఆదివారం అదే ప్రశ్న. ఒకే అంకె చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి, వానాకాలంలో ఇరవై ఒకటి చేశాను. దీపావళికి ఇరవై రెండు. పరీక్ష పేపర్లో అర మార్కు ఎక్కువ వెయ్యమంటే వెయ్యని మనిషిని, ఫోన్లో మైలేజీ మాత్రం ధారాళంగా పెంచుకుంటూ పోయాను. "ఓహో" అనేవారాయన. ఆ ఒక్క మాటే. తన బండి గొప్పదనం విని మురిసిపోతున్నారనుకుని, ఫోన్ పెట్టేశాక ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి.

ఇలా మూడేళ్లు నడిచింది. మొన్న ఏప్రిల్లో హైదరాబాదులో మా తోడల్లుడి గృహప్రవేశం వచ్చింది. ఆడవాళ్లు రెండు రోజులు ముందే బస్సులో వెళ్లిపోయారు. నేను కారులో బయల్దేరతానని తెలిసి మావయ్యగారు ఫోన్ చేశారు.

"నేనూ మీతోనే వస్తానండి. ముందు సీట్లో కూచుంటాను. రావులపాలెంలో ట్యాంకు నిండా కొట్టిద్దాం, హైదరాబాదు చేరేక మళ్లీ నిండా కొట్టిద్దాం. ఆ ఇరవై రెండు ఎలా వస్తోందో ఓసారి చూద్దావండి."

సరేనండి అనక తప్పలేదు. మూడేళ్లపాటు వారం వారం చెప్పిన అబద్ధం ఒక్క పూటలో బయటపడబోతోంది. అదీ చుట్టాలందరూ కూడిన ఇంటి గుమ్మంలో.

పొద్దున్నే రావులపాలెంలో నిండా కొట్టించాం. ట్రిప్ మీటరు ఆయనే సున్నా చేశారు. నేను ఏసీ జోలికి పోలేదు, అది వేస్తే ఆ పద్నాలుగు కూడా రాదు. అరవై దాటనివ్వలేదు. కొబ్బరికాయల లారీలు కూడా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. ఆయనేమో రోడ్డు వంక చూడరు. నా కాలి వంకా, గేరు మీద చేతి వంకా చూస్తున్నారు.

"ఇక్కడ నాలుగో గేరులోనే ఉంచుతారాండీ?"

"ఆయ్."

"దిగుడొస్తే కాలు తీసేస్తారన్నమాట."

"ఆయ్."

పరీక్ష హాల్లో కాపీ కొట్టేవాడి పక్కన నిలబడడం ఇరవై ఏళ్లుగా నాకు అలవాటే. కూర్చున్నవాడి అవస్థ ఏమిటో ఆ రోజు తెలిసింది.

సూర్యాపేట దగ్గర ఎండ ముదిరింది, ముల్లు కదిలింది. సగానికొచ్చింది. సగం మీద వెంట్రుకవాసి ఎక్కింది. ఆయన కళ్లు అటు తిరిగేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. పాత బళ్లవాళ్లకి తెలిసిన ఉపాయం ఒకటుంది. హీటరు వేస్తే ఇంజను వేడి కొంత కారు లోపలికి వచ్చేస్తుంది, ఇంజను కాస్త చల్లబడుతుంది. లోపల కూర్చున్నవాళ్లు ఏమవుతారన్నది ఆ ఉపాయంలో లేదు. ఏప్రిల్ ఎండలో, మిట్టమధ్యాహ్నం, హీటరు చివరిదాకా తిప్పేశాను. కాసేపటికి ఆయన కండువా పిండితే నీళ్లు కారేలా తయారైంది.

"వేడిగా ఉందాండీ, మావయ్యగారూ?"

"అబ్బే, హాయిగా ఉందండి. మీకో?"

"నాకూ హాయిగానే ఉందండి."

అలా చెమటలు కక్కుకుంటూ ఇద్దరం పది కిలోమీటర్లు హాయిగా వెళ్లాం. ముల్లు మళ్లీ సగానికి దిగింది.

మూడింటికి హైదరాబాదు పొలిమేరల్లో ఒక పెట్రోలు బంకులోకి తిప్పాను. ట్రిప్ మీటరు నాలుగు వందల కిలోమీటర్లు చూపిస్తోంది. మనసులో భాగహారం చేసేశాను. ఇరవై ఎనిమిదిన్నర లీటర్లు పడుతుంది. పడిందా, నా పరువు గంగలో కలిసినట్టే. ఆయన్ని కూర్చోమని నేను ముందు దిగి, పెట్రోలు కొట్టే ఆవిడతో, "ఇరవై లీటర్ల దగ్గర ఆపెయ్యండమ్మా" అని మెల్లిగా చెప్పాను. ఇరవై రెండుకి సరిపెట్టాలంటే ఇంకా ముందే ఆపించాలి కానీ, మరీ అత్యాశకి పోకూడదనుకున్నాను. ఆవిడ ఆపేసింది. మూత బిగించేసి వచ్చి కూర్చున్నాను.

"నిండిపోయిందండి. నాలుగొందలకి ఇరవయ్యే పట్టింది."

బంకు దాటి రోడ్డు పక్క నీడలో ఆపి, నీళ్ల సీసా అందించాను. ఆయన తాగలేదు. ఒళ్లో పెట్టుకున్నారు.

"అయితే నాకే నడపడం రాలేదన్నమాటండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నా చేతిలో అది ఏనాడూ పద్నాలుగు దాటలేదండి. ముల్లూ ఎక్కేసేది. పాత బండి మీకు అంటగడుతున్నానని నలుగురూ అనుకుంటారని, ఆవేళ ఇరవై అని చెప్పేసేనండి. మీరు ఫోన్లో నిజంగానే ఇరవై ఇస్తోందన్నారు. ఆనక ఇరవై రెండన్నారు. మూడేళ్లబట్టి అదే ఆలోచనండి. నలభై ఏళ్లు స్టీరింగు పట్టేను కదా, తప్పెక్కడ చేసేనా అని. మిమ్మల్ని చూసి తెలుసుకుందామనే వచ్చేను. పొద్దుట్నించీ చూస్తానే ఉన్నాను. మీరు చేసినవన్నీ నేనూ చేసినవేనండి, ఆ హీటరుతో సహా. తేడా ఏవిటో కనపడలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బావుండేది. ఆయన "ఓహో" అని ఊరుకున్నప్పుడల్లా నేను నవ్వుకున్నాను. ఆ ముసలాయన మాత్రం ఫోన్ పట్టుకుని తన నలభై ఏళ్ల డ్రైవింగునీ తప్పుపట్టుకుంటూ కూర్చున్నారు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

బండి తిప్పి మళ్లీ అదే బంకులోకి పోనిచ్చాను.

"ఈసారి నిండేదాకా కొట్టండమ్మా" అన్నాను. "మావయ్యగారూ, దిగండి. మీటరు మీరే చూడండి."

ఆవిడ నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి గొట్టం పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని మీటరుకి బాగా దగ్గరగా నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దాటేసరికి నడుం నిటారుగా అయింది. ఆరు దగ్గర కండువాతో మొహం తుడుచుకున్నారు. ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. ఆయన వేళ్ల మీద లెక్కేసుకుని నా వైపు తిరిగారు.

"పద్నాలుగు" అన్నారు. "పద్నాలుగేనండి."

పెళ్లిలో నా కాళ్లు కడిగినప్పుడు కూడా ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు నేను. తప్పయిపోయిందని చెప్పాను. అబద్ధం చెప్పానని, మూడేళ్లూ చెప్పానని కూడా చెప్పాను. ఆయన విన్నట్టు లేదు. కారు బానెట్ మీద రెండుసార్లు తట్టి, వచ్చి కూర్చుని, సీటు వెనక్కి వాల్చుకున్నారు.

"ఏసీ వేసెయ్యండి అల్లుడుగారూ. పన్నెండే ఇస్తే ఇవ్వనివ్వండి."