ఐదువేల నలభైకి పదకొండో మనిషి

నిన్న విరుదునగరంలో మా ఇంట్లో మనవరాలు బడిపని కోసం మైదా గంజి కాచింది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వెయ్యమని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ గంజి వాసనకే నేను కోవిల్‌పట్టి పక్క పల్లెలో, నెర్రెలు విచ్చిన నల్లరేగడి నడుమ మా అవ్వ ఇంటి అరుగు మీద తొమ్మిదేళ్ల పిల్లనై కూర్చున్నాను.

ఎండాకాలం సెలవుల్లో, తాటిముంజల నీళ్లు మోచేతుల దాకా కారుతుండగా, మేము గచ్చకాయలాడుతున్న అరుగు పక్కనే పొద్దున్నే బండి ఆగేది. ఫ్యాక్టరీ వాళ్లు మైదా గంజితో పైన బొమ్మ కాగితాలు అతికించడానికి ముప్పై ఐదు గ్రోసుల ఖాళీ అగ్గిపెట్టెలు దించేవాళ్లు. గ్రోసుకు నూట నలభై నాలుగు, మొత్తం ఐదువేల నలభై. వచ్చిన ఆడవాళ్లకు అవ్వ పంచేది. ఏడుగురైతే తలా ఏడువందల ఇరవై, ఎనిమిది మందైతే ఆరువందల ముప్పై, తొమ్మిది మందైతే ఐదువందల అరవై, పదిమందైతే ఐదువందల నాలుగు. ఒక్క పెట్టె మిగలదు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెల్ని వరసగా గుణించినా, ఏడు నుంచి పది దాకా నాలుగింటినే గుణించినా అదే ఐదువేల నలభై వస్తుంటే, తప్పు చేశాననుకుని పలక రెండుసార్లు చెరిపాను.

ఒకరోజు పదిమంది కూర్చున్నాక, చర్చి వీధిలో ఉండే జ్ఞానమ్మత్త వచ్చి అరుగు కింద నిలబడింది. ఆ వీధివాళ్లు మా అరుగులు ఎక్కడం నేనెన్నడూ చూడలేదు. మగడికి జబ్బు, పని కావాలంది.

“పదకొండుకు పగలదమ్మే. రెండు మిచ్చం పడ్తాది. మిచ్చం పడితే కొట్లాటే,” అంది అవ్వ.

“ఆ రెండూ పిల్లికి ఇయ్యి పెద్దమ్మా!” అని ఎవరో నవ్వారు.

పలక మీద చూశాను. తలా నాలుగువందల యాభై ఎనిమిది, మిగిలేవి రెండు. అవ్వ మాట నిజమే. అప్పుడు తట్టింది.

“అవ్వా, నేనూ కూకుంటే పన్నెండు! తలా నాన్నూటిరవై. మిచ్చమే లేదు.”

మెచ్చుకుంటుందనుకున్నాను. జ్ఞానమ్మత్త అవ్వనే చూస్తోంది. అవ్వ ఆమెకు అరుగు మెట్టు చూపించి, “సరి, ఆడ కూకో,” అంది.

మేమంతా పైన, ఆమె మెట్టు మీద. పెట్టెలు మాత్రం అందరికీ సమానమే. అంత సరిగ్గా పంచాక ఈ ఎచ్చుతగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

బడి తెరిచారు. నేను లేకపోతే మళ్లీ పదకొండు. జ్ఞానమ్మత్తను పంపేస్తారన్న దిగులుతో పాఠమే వినలేదు. సాయంత్రం పరిగెత్తుకొచ్చేసరికి ఆమె అరుగు మీద, నా చోటులో కూర్చుని ఉంది. పక్కనే అవ్వ, ఎన్నడూ గంజి ముట్టని మనిషి, మిగిలిన రెండు పెట్టెలకు బొమ్మలు అతికిస్తోంది.

“రెండే గదా పాపా,” అంది తలెత్తకుండా.

“కూకుండి నన్ను తిట్టేదానికి చేతిలో పనొకటి ఉండాల గదా మీ అవ్వకు!” అంది జ్ఞానమ్మత్త. అవ్వ గంజి చేత్తోనే ఆమె భుజం మీద ఒకటి వేసింది.

ఇప్పుడు ఆ పనంతా మిషన్లే చేస్తున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది. దాని మీద కూర్చున్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఐదువేల నలభైని కారణాంకాలుగా ఎంత విప్పినా రెండ్లు, మూడ్లు, ఒక ఐదు, ఒక ఏడు తప్ప మరేమీ దొరకవు, అందుకే అది పదకొండుకు పగలదని తరువాత చదువుకున్నాను; ఎవరడిగినా రుజువు చేసి చూపిస్తాను. మొదటి రోజు మనిషిని వెనక్కి పంపేంత పెద్దవైన ఆ రెండు పెట్టెలు, సెలవులు ముగిసేసరికి ‘రెండే’ ఎలా అయ్యాయో మాత్రం నాకు ఈనాటికీ తేలలేదు.